వెన్నెముకలో కొవ్వు: కొలత చెప్పునది, చెప్పనిది

నడుము నొప్పితో పట్నపు ఆసుపత్రికి వెళ్లినవారు తిరిగి వచ్చునపుడు చేతిలో ఒక పెద్ద ఫిల్ము, నోట ఒక కొత్త మాట తెచ్చుకొనుట ఈ రోజులలో సామాన్యమైనది. ఒకరు "పూసల మధ్య గ్యాప్ వచ్చిందట" అందురు. మరొకరు "నరం నలిగిందట" అందురు. ఈ మధ్య మూడవ మాట ఒకటి వినబడుచున్నది: "వెన్నులో కాలువ ఇరుకైందట." మొదటి రెండింటి కంటె ఇది నయమైన మాటయే. కాని ఇది కూడ సగము మాటయే. ఇరుకు అనునది రోగము పేరు కాదు, రోగము వలన ఏర్పడిన స్థితి. గది ఇరుకైనదన్నచో గోడలు లోపలికి జరిగినవా, లేక గదిలో సామాను పెరిగినదా అని అడుగుదుము. వెన్నెముక విషయములోను ఆ ప్రశ్నయే ముఖ్యము. గోడ జరిగినచో చేయవలసిన పని వేరు, సామాను పెరిగినచో చేయవలసిన పని వేరు.

ఆ సామానులో ఒకటి కొవ్వు. వెన్నెముక లోపల కొవ్వు పెరిగి నాడులను అదుముట అను స్థితిని గూర్చి వైద్యులు వ్రాసిన దానిని, ముఖ్యముగా దానిని కొలుచు పద్ధతిని, ఇచ్చట పరిశీలింతము. ఎ.కొండూరు, తిరువూరు ప్రాంతములలో పాఠములు చెప్పువారికి ఈ పరిశీలన మరింత అవసరము. ఇచ్చటి తండాలలో మూత్రపిండ వ్యాధులు చాల కాలముగా ఉన్నవి. బోరునీటిలో ఫ్లోరైడు అధికముగా ఉన్న చోట్లు కూడ ఉన్నవి. ఈ రెండింటికిని వెన్నులోని ఇరుకుతో వేరువేరు దారులలో సంబంధము కలదు. ఆ సంగతికి తరువాత వత్తము.

ముందు నిర్మాణము. వెన్నుపూసలు ఒకదానిపై ఒకటి పేర్చబడినపుడు వాని రంధ్రములన్నియు కలిసి ఒక గొట్టమగును. ఇదియే కశేరునాళము. దీనిలో వెన్నుపాము ఉండును. వెన్నుపామును మూడు పొరలు కప్పియుండునని ఉన్నత పాఠశాల విద్యార్థులకు తెలియును: లోపలిది మృద్వి, నడిమిది లౌతికళ, వెలుపలిది వరాశిక. ఈ వరాశిక ఒక తిత్తివలె ఉండి, లోపల మస్తిష్కమేరు ద్రవమును, నాడులను పట్టియుంచును. వరాశికకును ఎముక గోడకును నడుమ కొంత ఖాళీ కలదు. ఆ ఖాళీలో సన్నని సిరలును, మెత్తని కొవ్వును ఉండును. ఈ కొవ్వు పనికిరాని పదార్థము కాదు. మనము వంగినపుడు, లేచినపుడు తిత్తి ఎముకకు రాచుకొనక జారుటకు అది మెత్తవలె పనిచేయును. కనుక వెన్నులో కొవ్వు కనబడుట రోగము కాదు. కనబడకపోవుటయే ఒక్కొక్కప్పుడు రోగచిహ్నము. ఈ మాటను గుర్తుంచుకొనవలెను.

పెద్దవారిలో వెన్నుపాము నడుము మొదటి రెండు పూసల దగ్గర ముగియును. అంతకు క్రింద తిత్తిలో ఉన్నవి నాడీమూలములు మాత్రమే. గుర్రపు తోకవలె గుత్తిగా వ్రేలాడుచుండును. కనుక వీపు భాగములో కొవ్వు అదిమినచో వెన్నుపామే నలుగును. కాళ్లు బిగిసిపోవుట, తడబడుట, స్పర్శ తగ్గుట కలుగును. నడుము భాగములో అదిమినచో నలుగునవి మూలములు. కొంత దూరము నడువగానే కాళ్లు బరువెక్కి, తిమ్మిరెక్కి, కూర్చున్నచో లేక ముందుకు వంగినచో తగ్గును. వంగినపుడు నాళము కొంచెము వెడల్పగుటయే ఇందుకు కారణము. సైకిలు త్రొక్కగలిగి నాలుగు ఫర్లాంగులు నడువలేని మనిషిని చూచి వింతపడనక్కరలేదు.

ఈ కొవ్వు కథ వైద్య వాఙ్మయములో 1975లో మొదలైనది. లీ అను వైద్యుడును అతని సహచరులును ఆస్ట్రేలియా వైద్య పత్రికలో, మూత్రపిండ మార్పిడి జరిగిన ఒక రోగి వెన్నుపామును కొవ్వు అదిమిన వృత్తాంతము ప్రకటించినారు. మార్పిడి చేసిన మూత్రపిండమును శరీరము తిరస్కరింపకుండ స్టెరాయిడు మందులు ఇత్తురు. దీర్ఘకాలము వాడిన స్టెరాయిడు శరీరములోని కొవ్వును చోటు మార్చును; ముఖము గుండ్రనగును, మెడ వెనుక గూనివలె పెరుగును, కాళ్లు చేతులు సన్నగిల్లును. పైకి కనబడు ఈ మార్పే కనబడని చోట, కశేరునాళములో కూడ జరుగునని ఆ వృత్తాంతము తెలిపినది. అప్పటికి ఎం.ఆర్.ఐ. లేదు. మనుష్య శరీరము యొక్క మొదటి ఎం.ఆర్.ఐ. చిత్రము 1977 నాటిది. 1982లో, స్టెరాయిడు వాడని ఒక స్థూలకాయురాలిలో ఇదే స్థితిని బాదామి, హింక్ అనువారు వర్ణించినారు. అనగా మందు లేకున్నను, శరీరపు బరువు ఒక్కటే ఈ పని చేయగలదు.

ఎం.ఆర్.ఐ. వచ్చిన తరువాత పని సులభమైనది. ఇందులోని భౌతికశాస్త్రము చిన్నదే. బలమైన అయస్కాంత క్షేత్రములో హైడ్రోజను కేంద్రకములను రేడియో తరంగముతో కదిలించి, అవి తిరిగి తమ స్థితికి వచ్చు వేగమును కొలుతురు. కొవ్వులోని హైడ్రోజను త్వరగా కోలుకొనును, నీటిలోనిది ఆలస్యముగా. త్వరగా కోలుకొనుదానిని వెలుగుగా చూపు ఒక విధమైన చిత్రములో కొవ్వు తెల్లగా, మస్తిష్కమేరు ద్రవము నల్లగా కనబడును. కొవ్వు సంకేతమును మాత్రమే అణచివేయు మరొక విధానములో ఆ తెలుపు ఆరిపోవును. రెండును పోల్చిచూచినచో అది కొవ్వే గాని నెత్తురు కాదు, చీము కాదు అని నిశ్చయింపవచ్చును. సి.టి.లో ఇంకను సులువు: నీటికి సున్న, గాలికి ఋణ 1000 అను కొలమానములో కొవ్వు సున్నకు దిగువన, ఎముక వందల అంకెలలో పైన ఉండును. అడ్డుకోతలో తిత్తి గుండ్రముగా ఉండుటకు బదులు మూడు వైపుల నొక్కబడి ఇంగ్లీషు "వై" అక్షరము ఆకారములో కనబడుట కూడ కొవ్వు ఒత్తిడికి గుర్తు.

కనుక కొవ్వును గుర్తించుటలో తగాదా లేదు. ఎంత కొవ్వు అధికము అనుటలోనే తగాదా. మందము 7 మిల్లీమీటర్లు దాటినచో అధికమని కొందరు పెట్టుకొన్నారు. 2003లో బొరే అను రచయితయు సహచరులును 2,528 మంది నడుము చిత్రములను పరిశీలించి ఒక తరగతుల పట్టిక తయారుచేసినారు. నాళము యొక్క ముందువెనుకల కొలతలో కొవ్వు వాటా నూటికి 40 వరకు ఉన్నచో సామాన్యము. 41 నుండి 50 వరకు మొదటి తరగతి. 51 నుండి 74 వరకు రెండవది. 75 అంతకు మించినచో మూడవది. మూడవ తరగతివారందరికి లక్షణములు ఉన్నవనియు, మొదటి తరగతివారికి లేవనియు, రెండవ తరగతిలో నూటికి 15 మందికి లోపుగానే ఉన్నవనియు వారు చెప్పినారు. ఈ పట్టిక నేటికిని వాడుకలో ఉన్నది. ఒక అస్పష్టమైన మాటకు బదులు అందరు వాడుకొనదగిన ఒక కొలతను ఇచ్చుట గొప్ప ఉపకారమే. ఆ మేలును ఒప్పుకొనియే దానిలోని లోపములను చెప్పవలసియున్నది.

మొదటి లోపము లెక్కలోనే ఉన్నది. తొమ్మిదవ తరగతి విద్యార్థి పట్టుకొనదగినది. ఉదాహరణకు ఒకని నాళము 22 మిల్లీమీటర్లనుకొందము. అందులో కొవ్వు 12, తిత్తి 10. కొవ్వు వాటా నూటికి సుమారు 55. పట్టిక ప్రకారము రెండవ తరగతి. మరొకని నాళము పుట్టుకతోనే 13 మిల్లీమీటర్లు. అందులో కొవ్వు 4, తిత్తి 9. కొవ్వు వాటా నూటికి 31. పట్టిక ప్రకారము సామాన్యుడు. కాని నాడులకు మిగిలిన చోటు ఎవరికి తక్కువ? రెండవవానికే. శాతము ఎప్పుడును రెండు అంకెల నిష్పత్తి. ఏ అంకె మారినదో అది చెప్పదు. నాడులకు కావలసినది శాతము కాదు, చోటు.

రెండవ లోపము కొలిచిన చోటు. ఆ కొలత త్రికాస్థి మొదటి పూస పైఅంచు దగ్గర తీసుకొన్నారు. వెన్ను అడుగుభాగమైన ఆ చోట తిత్తి సన్నగిల్లుచుండును, కొవ్వు సహజముగానే ఎక్కువగా ఉండును. అచ్చటి కొలతతో వీపు భాగములోని వెన్నుపాము స్థితిని నిర్ణయించుట కుదరదు. స్టెరాయిడు వలన పెరిగిన కొవ్వు వీపులో చేరుట తరచుగా కనబడును. స్థూలకాయుల కొవ్వు నడుములో. కావున అపాయము ఎక్కువైన చోటికి ఈ పట్టిక చేరదు.

మూడవది, చిత్రము తీయించుకొన్నవారు ఎవరు అను ప్రశ్న. ఏదో ఒక బాధ లేనివాడు ఎం.ఆర్.ఐ. గదికి పోడు. నడుము నొప్పికి వందలాది కారణములున్నవి. కొవ్వు కనబడినవానికి నొప్పి ఉన్నంత మాత్రమున ఆ నొప్పి ఆ కొవ్వు వలననే అనుట ఎట్లు? లక్షణములు లేనివారిని ఊరి నుండి ఏరి చిత్రము తీసి పోల్చినగాని ఆ ముడి విడదు. రెండవ తరగతివారిలో అత్యధికులకు బాధ లేదని ఆ రచయితలే చూపినారు కదా. ఆ మాటను వాడుకదారులు మరచి, తరగతి అంకెను రోగనిర్ణయముగా వ్రాయుచున్నారు. ఇది పట్టిక దోషము కంటె చదువరుల దోషము.

2005లో ఫోగెల్ మొదలగువారు అంతవరకు ప్రకటింపబడిన 104 మంది రోగుల వృత్తాంతములను ఒకచోట చేర్చినారు. వారిలో సగమునకు మించి స్టెరాయిడు వాడినవారు, సుమారు నాలుగవ వంతు స్థూలకాయులు. కొద్దిమందిలో శరీరమే స్టెరాయిడు ఎక్కువగా తయారుచేసినది. మిగిలినవారికి కారణము తెలియలేదు. ఎక్కువమంది పురుషులు. మంచి కూర్పు. కాని పత్రికకెక్కునది వింతైన రోగియే, నయమైన రోగియే. శస్త్రచికిత్స ఫలింపని రోగిని గూర్చి వ్యాసము వ్రాయువారు అరుదు. కనుక ఆ 104 మందిలో ఇంతమందికి ఈ చికిత్స పనిచేసినది అను లెక్కను, ముందు రాబోవు రోగికి ఇంత అవకాశము కలదు అని అనువదింపరాదు.

చికిత్స విషయములో ఒక సంగతి మాత్రము బలముగా నిలుచుచున్నది. కొవ్వు వచ్చిన దారినే పోగలదు. బరువు తగ్గిన స్థూలకాయులలో వెన్నులోని కొవ్వు కరిగి, తిత్తి తిరిగి విచ్చుకొన్నట్లు ముందు వెనుక చిత్రములతో చూపిన వృత్తాంతములు 1990 దశకము నుండి ఉన్నవి. స్టెరాయిడు తగ్గించిన వారిలోను అట్లే. ఎముకకు ఈ గుణము లేదు. అయితే స్టెరాయిడును రోగి తనంతట తాను ఆపరాదు. బయటి నుండి మందు వచ్చుచున్నంత కాలము శరీరములోని అధివృక్క గ్రంథులు తమ పని మాని పడుకొనును. మందు హఠాత్తుగా ఆపినచో ప్రాణాపాయము. మూత్రపిండ మార్పిడి జరిగినవానికైతే, తగ్గింపు లెక్క మార్పిడి వైద్యుడు మాత్రమే వేయదగినది. లేనిచో వెన్ను కుదుటబడునేమో గాని మూత్రపిండము పోవును. కాళ్లలో బలము దినదినము తగ్గుచున్నను, మలమూత్రముల మీద పట్టు తప్పినను, తొడల లోపలివైపు స్పర్శ పోయినను, బరువు తగ్గుదాక ఆగుటకు వీలులేదు. అప్పుడు పూసల వెనుకటి ఎముక పలకను తొలగించి కొవ్వును తీసివేయు శస్త్రచికిత్సయే దారి, అదియు గంటల లెక్కతో.

ఇచ్చట ఒక విపరీతము గమనింపదగినది. కాలువ ఇరుకైనదన్న మాట వినగానే వెన్నులోనికి స్టెరాయిడు సూది వేయుట చాలచోట్ల అలవాటు. డిస్కు జారి నాడి వాచినవానికి ఆ సూది ఉపశమనమిచ్చును. కాని ఇరుకు కొవ్వు వలన వచ్చినదైనచో? రోగకారణమునే మందుగా పోయుట అగును. వెన్నులో వేసిన సూదుల తరువాత కొవ్వు పెరిగిన రోగులు, అరుదుగానైనను, వైద్య పత్రికలలో కనబడుచున్నారు. ఇరుకు అన్న ఒక్క మాటతో తృప్తిపడుట వలని నష్టము ఇదియే.

ఇక మన ప్రాంతమునకు వత్తము. తెలుగునాట వెన్నులో ఇరుకు అన్నచో పూర్వమునుండి తెలిసిన కథ కొవ్వుది కాదు, ఎముకది. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అను శాస్త్రజ్ఞులు నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను వర్ణించినారు. భారతదేశములో ఎముకల ఫ్లోరోసిస్ చరిత్ర అచ్చటనే మొదలు. 1955లో సిద్దిఖీ నల్లగొండ జిల్లా రోగులను గూర్చి బ్రిటిషు వైద్య పత్రికలో వ్రాసినారు. హైదరాబాదు నాడీ శస్త్రవైద్యులు డి. రాజారెడ్డి ఈ వ్యాధి నాడులను దెబ్బతీయు విధమును దశాబ్దముల పాటు పరిశీలించి, 2009లో భారత నాడీవైద్య పత్రికలో దాని సారమును అందించినారు. ఫ్లోరైడు తానే నాడిని తినివేయుట కాదు. ఎముక మందమెక్కి, పూసల అంచులు ముళ్లవలె పెరిగి, పూసలను కలిపి పట్టు బంధకములే ఎముకగా మారి, నాళమును నలువైపుల నుండి మూసివేయుటయే కారణమని ఈ పరిశోధనల తాత్పర్యము. మెడ భాగములో ఈ ఒత్తిడి ఎక్కువ. గది పోలికలో చెప్పవలెనన్నచో, ఇచ్చట గోడలే లోపలికి జరిగినవి.

పై రెండు వాఙ్మయములను పక్కపక్కన పెట్టి చదివినచో ఒక భేదము కొట్టవచ్చినట్లు కనబడును. కొవ్వును గూర్చిన వ్రాతలు చిత్రముతో మొదలై రోగి వద్దకు వచ్చుచున్నవి. ఫ్లోరోసిస్ వ్రాతలు ఊరి బావితో మొదలై రోగి మీదుగా చిత్రమునకు పోవుచున్నవి. రెండవ దారి నాకు మేలైనదిగా తోచుచున్నది. ఏ నీరు త్రాగినాడు, ఏ మందు మ్రింగినాడు అని అడుగని వైద్యునకు ఎంత ఖరీదైన యంత్రమైనను ఇరుకు చూపునే గాని కారణము చూపదు.

చిత్రములో కూడ ఈ రెండింటిని వేరుచేయు గుర్తు ఒకటి ఉన్నది. ఎముక పెరిగి నాళము మూసుకొనునపుడు మొదట బయటికి నెట్టబడునది ఆ మెత్తని కొవ్వే. కావున గోడ జరిగిన ఇరుకులో, ఉండవలసిన చోట కొవ్వు తెలుపు మాయమగును. సామాను పెరిగిన ఇరుకులో ఆ తెలుపే నాళమంతయు నిండును. రెండింటికిని నివేదికలో వ్రాయు పదము మాత్రము ఒక్కటే.

మూత్రపిండముల సంగతి ఇచ్చటనే కలియుచున్నది. శరీరములో చేరిన ఫ్లోరైడు బయటికి పోవు ముఖ్యమైన దారి మూత్రము. పెద్దవారిలో గ్రహింపబడిన ఫ్లోరైడులో సుమారు సగము ఆ దారిని పోవును. మిగిలినది దాదాపు అంతయు ఎముకలలో చేరును. మూత్రపిండము బలహీనమైనచో పోవలసినది పోక ఎముకకే చేరును. కనుక త్రాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు ఆరోగ్యవంతుని కొరకు పెట్టినదని, దెబ్బతిన్న మూత్రపిండము గలవానికి అదియు నిశ్చింత కాదని గ్రహింపవలెను. ఇట్టి మనిషి నడుము నొప్పికి అంగడిలో దొరకు డైక్లోఫెనాక్ వంటి బిళ్లలు నెలల తరబడి మ్రింగినచో మూత్రపిండము మరింత చెడును. బిళ్లకు బదులు, వేసిన మరునాడే పొలమునకు పంపు సూదికి పోయినచో, అందులో తరచుగా ఉండునది స్టెరాయిడు. ఆ సూది పదే పదే పడినవానికి ఎముక ఇరుకునకు కొవ్వు ఇరుకు తోడగుట అసంభవము కాదు. చీటీ లేని సూదికి లెక్క ఉండదు; తరువాత చూచు వైద్యుడు "స్టెరాయిడు వాడినారా" అని అడిగినచో రోగి "లేద"నియే చెప్పును, అబద్ధమాడకుండగనే. అందుచేత ప్రశ్నను మార్చవలెను: నొప్పికి ఎన్ని సూదులు వేయించుకొన్నావు, ఎవరి వద్ద, ముఖము ఉబ్బినదా, ఆకలి పెరిగినదా?

ఎముక ఇరుకునకు శస్త్రచికిత్స కూడ భిన్నమైనది. ఫ్లోరైడు చేరిన ఎముక గట్టిగా ఉండియు పెళుసుగా ఉండును. బంధకములు వరాశికకు అంటుకొనిపోవును. కొవ్వును పీల్చివేసినంత సులువుగా దానిని తీయుట సాధ్యము కాదు. వెన్నుపాము చాలకాలము నలిగిన తరువాత తీసినను పోయిన బలము పూర్తిగా తిరిగి రాదు. ఆలస్యము కాకముందే పట్టుకొనుటకు ఖరీదైన యంత్రము అవసరము లేదు. ముంజేతి రెండు ఎముకల నడుమ ఉండు పలుచని పొర ఫ్లోరోసిస్‌లో సున్నము పట్టి గట్టిపడును. సాధారణమైన ఎక్స్‌రేలో అది స్పష్టముగా కనబడును. నడుము నొప్పితో వచ్చినవాని ముంజేతిని ఎక్స్‌రే తీయుట చూచి జనులు నవ్వవచ్చును గాని, గోడ జరిగినదా, సామాను పెరిగినదా అను ప్రశ్నకు మంచి ఆధారము అచ్చటనే దొరకును.

పాఠశాలలో చేయదగినది ఇంతకంటె తేలిక. మోకాళ్లు వంచకుండ ముందుకు వంగి పాదముల వ్రేళ్లను తాకుమనుట, గడ్డమును రొమ్మునకు ఆనించుమనుట, రెండు చేతులను తల వెనుకకు చేర్చుమనుట, ఈ మూడు కదలికలు చాలును. ఫ్లోరోసిస్‌ను కనిపెట్టుటకు ఊళ్లలో వాడు పరీక్షలు ఇవియే. పిల్లలలో సాధారణముగా ముందు కనబడునది పండ్ల మీది గోధుమరంగు చారలు. కీళ్లు బిగియుట ఏండ్ల తరువాతి మాట. కాబట్టి వ్యాయామపు గంటలో పిల్లలకు నేర్పి, ఇంటి పెద్దలచేత చేయించి చూడుమనుట మేలు. చేయలేని వారి పేర్లు, వారు త్రాగు బోరు ఏదో, నొప్పికి వాడిన మందులేవో ఒక పుస్తకములో వ్రాసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునకు అందజేసినచో, ఆయన ఎం.ఆర్.ఐ.కి పంపునపుడు ఫిల్ముతో పాటు ఆ పుస్తకపు పుటయు వెంట పోవును.